తలారికి రెండర్థాలు

తలారి అంటే ఊరికి కాపలా కాసే మనిషి. తలారి అంటే ఉరి తీసేవాడు కూడా. కాపలా చేతికి తాడెలా వచ్చిందో తెలియాలంటే శాన్‌ఫ్రాన్సిస్కో దాకా వెళ్లాలి. స్పానిష్‌లో విజిలాంటే అంటే ఉత్త కాపలావాడే. అమెరికా వెళ్లాక కోర్టుతో పనిలేకుండా శిక్షించేవాడయ్యాడు. చట్టం లేనిచోట పెద్దమనుషులు పూనుకోక తప్పలేదని వాళ్ల తరఫు వాదన. బంగారం కోసం జనం ఎగబడిన ఆ ఊళ్లో 1851లో వర్తకులు జాగరణ సంఘం పెట్టి నలుగురిని ఉరితీశారు. 1856లో మళ్లీ మేలుకున్నారు. జేమ్స్ కేసీ అనే నాయకుడు గతంలో జైలుకెళ్లిన సంగతిని బులెటిన్ పత్రిక సంపాదకుడు జేమ్స్ కింగ్ అచ్చేస్తే, కేసీ అతన్ని కాల్చాడు. మరి చట్టం లేనిదెక్కడ? కేసీ జైల్లోనే ఉన్నాడు. ఫెడరల్ మార్షల్‌ని చంపిన కేసులో జ్యూరీ ఏ మాటా తేల్చలేకపోయిన చార్లెస్ కోరా కూడా అక్కడే ఉన్నాడు. పౌరులు జైలు ముందు ఫిరంగి నిలబెట్టి ఇద్దరినీ తెచ్చుకున్నారు. కింగ్ అంత్యక్రియల రోజైన మే 22న ఉరితీశారు. దొంగ దొరక్క కాదు, దొరికినవాణ్ణి కోర్టు వదిలేస్తుందేమోనని. వాళ్ల దృష్టిలో చట్టం లేకపోవడమంటే చట్టం తమ మాట వినకపోవడమే.

ఆ ఊరి రాజకీయం కుళ్లిన మాట నిజమే. దొంగ అడుగున్న బ్యాలెట్ పెట్టె కూడా బయటపడింది. పెట్టె దొంగదైతే మంచి పెట్టె చేయించుకోవాలి. వీళ్లు ఇసుక బస్తాలతో కోట కట్టుకుని, సుమారు 6,000 మందిని చేర్చుకుని, గిట్టని మనుషుల్ని ఓడలెక్కించి పంపేశారు. ఆపైన సొంత పార్టీ పెట్టి దాదాపు పదేళ్లు ఊరేలారు. అంతమంది ముందే వెళ్లి ఓటేసి ఉండొచ్చు కదా అంటే, ఓట్ల లెక్క మీద నమ్మకం లేదంటారు. ఉరితాళ్ల లెక్క చూసేదెవరో మాత్రం చెప్పరు. నేరాలు తగ్గాయి కదా అన్నది ఇంకో సమర్థన. 1851 తాడు అంత బాగా పనిచేస్తే 1856లో మళ్లీ పేనవలసిన అవసరమేముంది?

ఆ ఏడాదే రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి డేవిడ్ టెర్రీ సంఘం మనిషి ఒకణ్ణి మెడలో కత్తితో పొడిచాడు (న్యాయమూర్తి నడుముకు కత్తెందుకంటే, ఊరలాంటిది). సంఘం ఆయన్ను దాదాపు ఏడు వారాలు కోటలో బంధించి, తానే విచారించింది. పొడిపించుకున్నవాడు బతికి బయటపడ్డాడు గనక వదిలేసింది. మరుసటి ఏడాది ఆయన అదే కోర్టుకు ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు.