అడిగి వేసిన అడుగు

నేను వెదురు కర్రను. నాలుగున్నర అడుగుల ఎత్తు. కింది కొనకు ఇనుప పొన్ను, పై కొనకు జానెడు దిగువన చిన్న బెజ్జం, అందులో నారతాడు. చేయి పట్టే చోట నా ఒళ్లు నున్నగా మెరుస్తుంటుంది. ఆ మెరుపు ఏ నూనెతోనూ వచ్చింది కాదు. ఒకే మనిషి అరచేయి ఏళ్ల తరబడి రాసుకొని వచ్చింది.

పుట్టింది నల్లమలలో, కృష్ణకు ఉత్తరపు గట్టున, అమ్రాబాద్ గుట్టల్లో. ఇప్పుడది నాగర్‌కర్నూల్ జిల్లా. ఒక వాగు ఒడ్డున మా పొద ఉండేది. చూసేవాళ్లు చెట్టనుకుంటారు గానీ మాది గడ్డి జాతి. తొలకరి పడ్డాక నేల చీల్చుకొని కొమ్ముగా పైకి వచ్చాను. ఆ ఒక్క వానాకాలంలోనే ఎదగాల్సిన ఎత్తంతా ఎదిగాను. లావు మాత్రం నేలలోంచి వచ్చేటప్పుడు ఎంతో ఇప్పటికీ అంతే. తర్వాత రెండు మూడేళ్లు నేను చేసిన పనల్లా గట్టిపడటమే. లోపల గుల్లగా ఉండేది బొంగు వెదురు. నాది సాధన వెదురు, లోపల ఖాళీ లేనట్టే. కర్రకైనా, విల్లుకైనా మమ్మల్నే వెతుక్కుంటూ వస్తారు.

ఒక చలికాలం పొద్దున అలా వెతుక్కుంటూ వచ్చినవాడే మా పెద్దాయన. చెంచు మనిషి. అడవి లోపల పెంటలో ఉంటాడు. చెంచుల చిన్న గూడేన్ని ఇక్కడ పెంట అంటారు. పొద చుట్టూ రెండుసార్లు తిరిగి, వేలి కణుపులతో ఒక్కొక్కరినీ తట్టి చెవి పెట్టి విన్నాడు. లేతవాటిని వదిలేశాడు. నా దగ్గర ఆగాడు. రెండు గొడ్డలి వేట్లు. ఆ సాయంత్రమే నెగడు పక్కన కూర్చొని, నా వంకర ఉన్నచోట నిప్పుల సెగ చూపి, మోకాలికి ఆనించి మెల్లగా వంచి, తడిగుడ్డతో చల్లార్చాడు. ఒకసారి కాదు, పదిసార్లు. కణుపుల మీది గరుకంతా గీకాడు. అచ్చంపేట సంతకు వెళ్లి పొన్ను వేయించుకొచ్చాడు.

చెంచుల చేతికి కర్ర కొత్త కాదు. గడ్డలు తవ్వే ఇనుపమొన కర్ర వాళ్ల తాతల నాటి పనిముట్టు. నిజాం పాలనలో హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్త ఈ గుట్టల్లో వాళ్లతో కలిసి తిరిగాడు. చెంచుల మీద ఆయన రాసిన పుస్తకం 1943లో అచ్చయింది. ఆ తవ్వుడు కర్రల సంగతి అందులో ఉంది. నేను ఆ వంశంలో తర్వాతి దాన్ని.

నాకు కళ్లు లేవు. పొన్నుతో నేలను తాకి తెలుసుకుంటాను. మెత్తని మన్నుకు ఒక చప్పుడు, ఎండిన తునికాకుకు ఒక చప్పుడు, పలకరాయికి మరొకటి. పెద్దాయన తన మనవడికి మొదట నేర్పిన పాఠం కూడా ఇదే. పిల్లవాడికి అప్పుడు ఏడేళ్లుంటాయి. వాగు దాటుతూ ముందుకు ఉరికితే భుజం పట్టి ఆపాడు.

"నేలను అడుగు బిడ్డా. అడిగినంకనే అడుగెయ్యి."

అడగడమూ అడుగే, నడకా అడుగే. మా భాషలో ఈ రెండు మాటలూ ఒక్కలాగే ఎందుకున్నాయో నాకు ఆ రోజు తెలిసింది.

పెద్దాయన అటవీశాఖ కింద వాచరుగా చేరాడు. ఈ అడవి 1983లో పులుల అభయారణ్యమైంది. అప్పట్లో కృష్ణకు అటూ ఇటూ కలిపి ఒకటే, నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వు. రాష్ట్రం రెండయ్యాక మా గట్టు అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది, 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా. నా మూడో కణుపు కింద రెండు గాట్లున్నాయి చూడండి, అవి ఆయన వాచరు రోజులవే. పులి అడుగు కనిపిస్తే పెద్దాయన నన్ను దాని పక్కన పడుకోబెట్టి కొలిచేవాడు. మగపులి వెనక పాదం ముద్ర దాదాపు చదరంగా ఉంటుంది, ఆడపులిది కాస్త కోలగా ఉంటుంది. ఒకనాడు తడి మట్టిలో అప్పుడే పడ్డ ముద్ర పక్కన నన్ను పెట్టాడు. అంచులు ఇంకా విరగలేదు, అడుగున నీరు ఊరుతూనే ఉంది. ఆయన కొలవడం ఆపి, నన్ను తీసుకొని చప్పుడు చేయకుండా వెనక్కి నడిచాడు. ఆ రోజు ఆ దారి ఆ ఆడపులిది.

శ్రీశైలం వెళ్లే హైదరాబాదు రోడ్డు మీద మన్ననూరు దాటాక ఫరహాబాద్ గేటు వస్తుంది. అక్కడి నుంచి సఫారీ బండ్లు లోపలికి వెళ్తాయి. దారి చివర కొండ అంచు. అదే ఫరహాబాద్ వ్యూపాయింటు. నిజాముల వేట బంగళా శిథిలాలు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. కాలు ముందుకు పెడితే లోయ. అడుగున కనుచూపుమేర అడవే. మోదుగలు ఎర్రబడ్డాక, చైత్రంలో నల్లమద్ది, ఏగిస, తునికి చిగుర్లు వేసే రోజుల్లో ఆ అంచున నిలబడ్డవాళ్లు మొదట ఫోన్లు తీస్తారు. పెద్దాయన వాళ్లను ఏమీ అనేవాడు కాదు. నన్ను బండమీద నిలిపి, రెండు చేతులూ నా మీద ఆనించి ఊరకే నిలబడేవాడు. కాసేపటికి ఎవరో ఒకరు ఫోను జేబులో పెట్టుకొని ఆయన పక్కకు వచ్చి నిలబడేవారు. అప్పుడు నెమ్మదిగా చేయి చాచి చూపేవాడు: "ఆ తెల్లటి చెట్టు ఉంది చూడండి, తపసి. దాని జిగురే మాకు బియ్యం తెచ్చేది. దాని వెనక పచ్చటి గీత కనపడుతుందా, అది వాగు. ఎండల్ల గూడ పచ్చగుంటదంటే కింద నీళ్లున్నట్టు." మాట ముగిసేసరికి వాళ్ల ముందు ఉన్న పచ్చని ముద్ద విడివిడి చెట్లయ్యేది, దారులయ్యేది, నీళ్లయ్యేది.

వటవర్లపల్లి దగ్గర పక్కకు తిరిగితే మల్లెల తీర్థం. లోయలోకి దిగడానికి మెట్లున్నాయి, 350 దాకా. ప్రతి మెట్టు మీదా నా పొన్ను మోగింది. వానలు పడ్డ నెలల్లో పైనుంచి దూకే నీటి హోరు సగం దూరంలోనే ఒంటికి తగులుతుంది, నా కణుపుల్లో సన్నగా వణుకు పుడుతుంది. వేసవిలో అదే చోట సన్నని ధార, పాచి పట్టిన రాయి. దిగడం తేలికనుకొని పరుగెత్తినవాళ్లు ఎక్కేటప్పుడు నా కోసం చేయి చాచేవారు. ఇక్కడ దూకే నీళ్లు అడవిలోంచి నడిచి కృష్ణలో కలుస్తాయి.

కృష్ణ మీద కూడా వెళ్లాను. శ్రీశైలం పాతాళగంగ రేవు నుంచి పడవలో ఎగువకు పోతే అక్కమహాదేవి గుహలు. పన్నెండో శతాబ్దంలో కన్నడ దేశం నుంచి తన దైవం చెన్నమల్లికార్జునుణ్ణి వెతుక్కుంటూ ఒంటరిగా వచ్చిన ఆ వచన కవయిత్రి ఇక్కడ తపస్సు చేసిందని చెప్పుకుంటారు. గుహ ముందర ఆధారం లేకుండా కమానులా నిలిచిన పెద్ద రాతి దూలం ఉంది. దాన్ని మనిషి చెక్కలేదు. లోపలి లింగం దగ్గరికి దారి ఇరుకు, చీకటి. నన్ను గోడకు ఆనించి పెద్దాయన వంగి, పాక్కుంటూ లోపలికి వెళ్లాడు. కర్ర సాయం చేయలేని చోట్లు కూడా ఉంటాయి. ఆ ఆడమనిషి అంత దూరం ఏ కర్ర పట్టుకొని నడిచిందో అని ఆ గోడకు ఆని అనుకున్నాను.

అన్నింటికన్నా నాకు లోతుగా గుర్తున్నది సలేశ్వరం.

చైత్ర పౌర్ణమి వచ్చిందంటే జాతర కోసం కొన్ని రోజుల పాటు ఆ దారి తెరుస్తారు. మిగతా ఏడాదంతా అది పులులది, ఎలుగులది. బండ్లు ఆగిన చోటు నుంచి నడకే. దిగేటప్పుడు వస్తున్నామని, తిరిగి ఎక్కేటప్పుడు పోయొస్తామని లింగమయ్యకు కేకలు వేసి చెప్పుకుంటూ వేల మంది నడుస్తారు. ఒక కొండ దిగి, మరో కొండ నడుముకు ఒరుసుకొని, చివరకు రెండు రాతి గోడల మధ్యకు జారాలి. పుస్తకం పుటల్లా పొరలు పొరలుగా పేర్చినట్టుండే రాయి అది. కింద మధ్యాహ్నం కూడా నీడే. అంత ఎండాకాలంలోనూ పైనుంచి చల్లని ధార పడుతుంటుంది, కింద గుండం, పక్కన గుహలో లింగమయ్య. ఇక్కడ పూజ చేసేది చెంచులే. శ్రీశైలం మల్లన్న తమ ఇంటి అల్లుడని వాళ్ల నమ్మకం, అందుకే మొక్కేటప్పుడు కూడా చుట్టంతో మాట్లాడినట్టు మాట్లాడతారు.

ఒక ఏడు, ఆ ఇరుకు దారిలో ఒక అవ్వ కదల్లేక నిలబడిపోయింది. ఒకపక్క గోడ, ఒకపక్క లోయ. వెనక వందల మంది. పెద్దాయన వెనక్కి వచ్చి చేయి ఇవ్వలేదు, నన్ను ఇచ్చాడు.

"అవ్వా, నన్ను పట్టుకుంటే నేను నడిచినట్టయితది. దీన్ని పట్టుకో, నువ్వు నడిచినట్టయితది."

ఆమె చేయి చెమటతో జారుతోంది. రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ముందు నన్ను ఆనించింది, తర్వాత కాలు పెట్టింది. ఆనించింది, కాలు పెట్టింది. ఏడో అడుగో ఎనిమిదో అడుగో, పొన్ను కింద రాయి డొల్లగా పలికింది. ఆ చప్పుడు నాకు తెలుసు. పెద్దాయనకూ తెలుసు. "ఆగు" అన్నాడు. నన్ను తీసుకొని ఆ పలకను అంచున తడితే, అది ఊగి, గోడ మీంచి విడిపోయి లోయలోకి పోయింది. కింద తాకిన చప్పుడు రావడానికి చాలాసేపు పట్టింది. దారి అంతా నిశ్శబ్దమైపోయింది. తర్వాత పెద్దాయన లోపలివైపు కాలు ఆనే చోటు చూపించాడు, అవ్వ దాటింది, వెనక వందల మందీ దాటారు. గుండం దగ్గర ఆమె ముందు నా పొన్నును నీళ్లలో ముంచింది, ఆ తర్వాతే తన కాళ్లు కడుక్కుంది.

జాతర అయిపోయాక వాచర్లు మళ్లీ అదే దారి దిగుతారు. నా తాడుకు గోనెసంచి కట్టి, జనం వదిలేసిన నీళ్ల సీసాలు, కవర్లు ఏరతారు. కణుతులు, దుప్పులు తాగే గుండమది. అంత కష్టపడి వచ్చి చూసిన చోటును ఎవరైనా ఇలా ఎలా వదిలి వెళ్తారు? ఈ ప్రశ్న నన్ను ప్రతి ఏడూ బాధపెడుతుంది.

దోమలపెంట దగ్గర రోడ్డు పక్కనే ఆక్టోపస్ వ్యూపాయింటు ఉంది. కొండల సందుల్లోకి కృష్ణ నీళ్లు చేతులు చాచినట్టు పాకి ఉంటాయి, ఆ పేరు అందుకే. ఇంకా కిందికి వెళ్తే శ్రీశైలం డ్యామ్. పన్నెండు గేట్లూ ఎత్తిన రోజున ఘాట్ రోడ్డంతా జనమే. ఆ నీటి కింద ఊళ్లున్నాయని, గుళ్లను విప్పి మోసుకెళ్లి వేరేచోట కట్టారని పెద్దాయన మనవడికి చెప్పేవాడు. పైనుంచి చూస్తే నీలంగా, అందంగా ఉంటుంది. అందం కింద ఏముందో తెలిసినవాడు ఇంకొంచెం ఎక్కువసేపు చూస్తాడు.

రాత్రి 9 గంటలకు మన్ననూరు, దోమలపెంట గేట్లు మూస్తారు. మళ్లీ తెల్లవారి 6 గంటలకే తెరవడం. ఆ తొమ్మిది గంటలూ రోడ్డు అడవిదే. గేటు పడ్డాక చివరి లారీ చప్పుడు ఆగి, చిమ్మటలు మొదలై, దూరంగా దుప్పి అరిచే ఆ సమయం నాకు ఎంతో ఇష్టం.

ఇప్పుడు పెద్దాయన మోకాళ్లు పట్టేశాయి. గుడిసె అరుగు మీదే కూర్చుంటున్నాడు. నేను మనవడి చేతికి వచ్చాను. అతను దారి చూపే పనిలో ఉన్నాడు, బడిపిల్లలను కూడా తీసుకొస్తుంటాడు. నా పొన్ను ఇప్పటికి మూడుసార్లు మారింది. అరిగిన కొద్దీ కోస్తే నేను నాలుగు వేళ్లు పొట్టిదాన్నయ్యాను.

మొన్నటి ఏడు మా పొద పూసింది. వెదురు కొన్ని దశాబ్దాలకు ఒకసారే పూస్తుంది. పూసిందంటే గింజ రాల్చి ఎండిపోతుంది. పెద్దాయన కబురు విని మనవడి భుజం పట్టుకొని వచ్చి చూశాడు. పెంట ఆడవాళ్లు కింద ఊడ్చి వెదురు బియ్యం ఎత్తుకున్నారు. "అంతా ఎత్తకండి, నేలకు కొంత ఉంచండి" అన్నాడు. తొలకరి నాటికి నాతో పుట్టినవన్నీ పసుపు రంగులో ఎండి, ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. ముందే నరికినందుకు నేనొక్కదాన్నే మిగిలాను.

ఆ వానాకాలం మనవడు పిల్లలను ఆ వాగు ఒడ్డుకు తీసుకొచ్చాడు. వాళ్లు ఉరకబోతుంటే చేయి అడ్డం పెట్టాడు. నన్ను ముందుకు చాచి, ఎండిన గడల మధ్య రాలిన ఆకును పొన్నుతో మెల్లగా పక్కకు జరిపాడు. కింద వేలెడంత ఎత్తున, గడ్డి పోచల్లా, వందల మొలకలు.

"నేలను అడిగి అడుగెయ్యాలె" అన్నాడు.

ఇన్నేళ్లూ ఆ మాట మన కాలి కోసమే అనుకున్నాను. నేల కోసం కూడా అని ఆ రోజు తెలిసింది. పిల్లలు ఒకరి వెనక ఒకరు, నేను చూపిన ఖాళీల్లో కాలు పెడుతూ, పొద చుట్టూ తిరిగి వాగులోకి దిగారు.