పటాన్‌చెరులో దిగని వకీళ్ళు

మా రోజుల్లో నల్లకోటు కొత్తగా తొడిగిన కుర్రవాడు సీనియర్ కంటే ముందే సంగారెడ్డి కోర్టుకు చేరుకునేవాడు. కాజ్ లిస్టు చూసుకుని, ఫైళ్ళు సర్దుకుని, వాయిదాకు వచ్చిన మనిషి పక్కన కూర్చుని అతని గోడంతా వినేవాడు. ఇప్పటి లా విద్యార్థుల్ని ఏం చేద్దామనుకుంటున్నావు బిడ్డా అని అడగండి. గచ్చిబౌలిలో కంపెనీ కాంట్రాక్టులు చూసే ఉద్యోగం అంటారు. తప్పనను, బతకాలి కదా! కానీ సంగారెడ్డి నుంచి వాళ్ళెక్కిన బస్సు పటాన్‌చెరు మీదుగానే పోతుంది. అక్కడ ఒక్కడూ దిగడు. నా కోపమంతా దాని మీదే.

న్యాయశాస్త్రం నేర్చుకోవడానికి పటాన్‌చెరుకు మించిన బడి ఎక్కడుంది? పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీలు వదిలిన మురికి నక్కవాగులో పడి మంజీరకు పోతుంటే 1990లో సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. ఊళ్ళ పక్షాన డాక్టర్ కిషన్ రావు లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి నిలబడ్డారు. రైతులకు జరిగిన నష్టం లెక్క తేల్చే పని సుప్రీంకోర్టు మా జిల్లా జడ్జికి అప్పగించింది. ఆ రోజుల్లో రైతులు వాగు నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చేవారు. మూత తీస్తే బార్ రూములో కూర్చోలేకపోయేవాళ్ళం. కానీ వాసన సాక్ష్యం కాదు. ఏ సర్వే నంబరు, ఎన్ని గుంటలు, ఏ ఏడు ఏ పంట పోయింది అని పహాణీ నకలుతో సరిచూసి అఫిడవిట్ రాయాలి. అది ఏ క్లాసులోనూ చెప్పరు. ఆ కేసు తర్వాత హైకోర్టుకు వెళ్ళింది, అక్కడి నుంచి చెన్నై హరిత ట్రిబ్యునల్‌కు వెళ్ళింది. తీర్పు 2017లో వచ్చింది. పిటిషన్ వేసిన ఏడు పుట్టిన పిల్లవాడు లా పట్టా పుచ్చుకుని ప్రాక్టీసు పెట్టేంత కాలం!

కార్మికుల కేసుల సంగతి ఇంకా కష్టం. ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చినవాడు రియాక్టర్ దగ్గర చనిపోతాడు. పనిలో పెట్టింది కాంట్రాక్టరు. హాజరు పుస్తకంలో పేరుండదు. భార్యకు తెలుగు రాదు. వకీలు ముందు అడగాల్సింది ఈఎస్ఐ కార్డు ఉందా అని. ఉంటే పరిహారం కమిషనర్ దగ్గర దావా నిలవదు, ఆశ్రితుల పెన్షన్ కోసం ఈఎస్ఐకే పోవాలి. లేకపోతే, 2025 నవంబర్ 21కి ముందు జరిగిన ప్రమాదమైతే, 1923 నాటి పరిహార చట్టం. ఆ లెక్క చూడండి: మృతుడికి 25 ఏళ్ళు, నెల జీతం 15,000 అనుకుందాం. అందులో సగం 7,500, దాన్ని ఆ వయసుకు చట్టం ఇచ్చిన గుణకం 216.91తో హెచ్చిస్తే 16,26,825 రూపాయలు. జీతం రుజువు కాక 9,000గా తేలితే ఆ కుటుంబం ఆరున్నర లక్షలు పోగొట్టుకుంటుంది. ఒక జీతం రసీదు వెతికి పట్టుకునే ఓపిక ఉన్న జూనియర్ విలువ అంత! కాంట్రాక్టరు చేతులెత్తేస్తే అసలు యజమానిని లాగొచ్చని కూడా తెలిసుండాలి.

2025 నవంబర్ 21న 29 పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పిల్లలు కోడ్‌లు చదివి పాతవి అటకెక్కిస్తున్నారు. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 40 మందికి పైగా కార్మికులు పోయారే, అది కోడ్‌లు రాకముందు జరిగింది. ఆ కుటుంబాల హక్కులు తేల్చాలంటే పాత చట్టమే తీయాలి. అందుకే రెండూ రావాలంటాను.

ఇప్పటివాళ్ళకు మాకు లేని వెసులుబాట్లున్నాయి. ఎన్‌రోల్‌మెంటుకు 750 రూపాయలకు మించి తీసుకోవద్దని 2024లో సుప్రీంకోర్టు తేల్చింది. జూనియర్లకు పట్నాల్లో నెలకు 20,000, పల్లెల్లో 15,000 ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సీనియర్లకు సూచించింది. ఇవ్వాలి, ఇవ్వకుండా కుర్రవాడు నిలబడలేదని ఏడవకూడదు. మా కాలంలో బస్సు చార్జీ దొరికితే గొప్ప. ఆ లేమిని తట్టుకోలేక ఎంత మంచి బుర్రలు గుమాస్తా కొలువుల్లోకి పోయాయో చూశాను. న్యాయ సేవాధికార సంస్థల్లో జీతంతో డిఫెన్స్ కౌన్సెల్ పోస్టులు కూడా వచ్చాయి.

2025 మేలో సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ళ ప్రాక్టీసు తప్పనిసరి చేసింది. ఎలాగూ చేయాల్సిన మూడేళ్ళు పటాన్‌చెరులో చేయండి. కాస్త హిందీ వస్తే మేలు. నా దగ్గర పరిహార చట్టం పాత వ్యాఖ్యానాలున్నాయి, దుమ్ము దులిపి ఇస్తాను. వచ్చేవాళ్ళు సోమవారం పొద్దున తొమ్మిదింటికే రండి, పదిన్నరకు కోర్టు మొదలైతే నాకు తీరిక ఉండదు.