మా ఇంటి ఎర్రాప్రగడ

సంక్రాంతికి కొన్న 55 అంగుళాల టీవీని గోడకి బిగించి, రిమోటు నా చేతిలో పెడుతూ ఆ కుర్రాడు "120 హెర్ట్జ్ సార్" అన్నాడు, ప్రసాదం పెడుతున్నట్టు. కళ్ళకద్దుకున్నాను. హెర్ట్జ్ అంటే ఏమిటో తెలీదు గానీ, బిల్లు చూశాక అది మంచిదే అయ్యుంటుందని తేల్చుకున్నాను.

మా ఇంట్లో ఏ టీవీ వచ్చినా గృహప్రవేశం 'మాయాబజార్'తోనే. సినిమా మొదలైన పది నిమిషాలకే నాకు ఒంట్లో అదోలా అయింది. 1957లో మార్కస్ బార్‌ట్లే అంత శ్రమపడి పండించిన వెన్నెలంతా ఏమైపోయిందో, ఎవరో కల్యాణమండపంలో పెళ్ళి వీడియో తీసినట్టుంది. ఎస్వీ రంగారావు విందుకి కూర్చున్నాక లడ్డూలు గాల్లోకి లేచి ఆయన నోటివైపు బయల్దేరాయి కదా, ఒక్కో లడ్డూ వెంట ఒక మసక తోక కూడా బయల్దేరింది.

"ఎంత శుభ్రంగా ఉందిరా! అచ్చం మన ఏడున్నర సీరియల్లాగే ఉంది" అంది అమ్మ.

నా జబ్బుకి పేరు దొరికింది.

సినిమాకి సెకనుకు 24 బొమ్మలు. 1920ల చివర్లో తెరకి మాటలొచ్చినప్పటి నుంచీ ఇదే లెక్క. 60 హెర్ట్జ్ టీవీలో, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ వేసేదాంట్లో, ఈ లెక్క కుదరదు, ఒక్కో బొమ్మకి రెండున్నర వంతులొస్తాయి. అర బొమ్మ ఉండదు కాబట్టి ఒకదాన్ని రెండుసార్లు, తరవాతిదాన్ని మూడుసార్లు చూపించి సర్దేస్తుంది. అందుకే కెమెరా పక్కకి తిరిగితే గతుకుల రోడ్డు మీద ఆటోలో ఉన్నట్టుంటుంది. 120 అయితే ఏ పేచీ లేదు, తలా అయిదుసార్లు. ఇంతవరకూ ఆ కుర్రాడు అన్నది అక్షరాలా నిజం.

కానీ మా టీవీ బాగా చదువుకున్నది. ఉన్న బొమ్మనే అయిదుసార్లు చూపించడం దానికి నామోషీ. ముందు బొమ్మనీ తరవాతి బొమ్మనీ చూసి, మధ్యలో ఏం జరిగుంటుందో ఊహించి, నాలుగు బొమ్మలు సొంతంగా అల్లేస్తుంది. అంటే నేను చూసిన మాయాబజారులో అయిదింట నాలుగు ప్రక్షిప్తాలే! నన్నయ అరణ్యపర్వంలో వదిలేసిన భాగాన్ని ఎర్రన పూరించలేదూ, నన్నయలా మొదలుపెట్టి మెల్లగా తిక్కనలోకి జారిపోతూ? సరిగ్గా అదే పని. పైగా ఎర్రన తన భాగాన్ని కూడా రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చినట్టు, ఇదీ తన పేరు ఎక్కడా చెప్పుకోదు. తేడా ఒక్కటే, ఎర్రన ప్రబంధ పరమేశ్వరుడు. ఆయన లడ్డూకి తోక మొలిపించడు.

సీరియళ్ళని చాలాకాలం వీడియో కెమెరాతో సెకనుకు 50 అర బొమ్మలుగా తీశారు. ఆ నునుపుకి మన కళ్ళు అలవాటుపడ్డాయి కాబట్టే, నున్నగా కదిలేదేదైనా అత్తాకోడళ్ళ వ్యవహారంలా కనిపిస్తుంది. క్రికెట్టుకైతే ఆ నునుపు బాగానే ఉంటుంది, ఒప్పుకుంటాను.

ఈ బొమ్మల అల్లికని ఆపే సెట్టింగు కోసం మెనూలో ఒక పూటంతా గాలించాను. కంపెనీకో పేరు: ఒకరికి మోషన్‌ఫ్లో, ఒకరికి ట్రూమోషన్. 2019లో సినిమావాళ్ళు, టీవీలవాళ్ళు కూర్చుని, ఈ హంగులన్నీ ఒక్క నొక్కుతో ఆపడానికి 'ఫిల్మ్‌మేకర్ మోడ్' అని పెట్టారట. మా టీవీలో అది కనబడలేదు. చివరికి ఎక్కడో అడుగున దొరికినదాన్ని ఆపేశాను. వెన్నెల తిరిగొచ్చింది.

మర్నాడు పొద్దున్నే అమ్మ "టీవీకి నలతగా ఉన్నట్టుందిరా, ఆ అబ్బాయిని పిలు" అంది. మా ఆవిడ ఏమీ అనలేదు, తనే ఆన్ చేసేసింది. రాత్రి నేను ఆపడం, పొద్దున్న వాళ్ళు పెట్టడం. వారం గడిచింది.

ఇక లాభం లేదని పెద్దమనిషిని పిలిచాను. 2018 డిసెంబరులో టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ పక్కన నిలబడి, మీ టీవీల్లో ఈ పాడు సౌకర్యాన్ని ఆపి సినిమా చూడండి బాబూ అని వేడుకుంటూ ఒక వీడియో పెట్టారు. దాన్ని మా టీవీలోనే వేసి అమ్మని కూర్చోబెట్టాను. ఆ పూట ఆపడం మరిచిపోయాను.

అమ్మ శ్రద్ధగా ఆసాంతం చూసింది.

"పిల్లాడు కళగా ఉన్నాడు. ఏ సీరియల్‌రా?"