ర్యామప్ప

అసలు పేరు ఏదైతేనేం, మాలూరు నుంచి బంగారుపేట దాకా ప్యాసింజరు ఆగే ప్రతి ఊళ్ళోనూ ఇట్లాంటివాడు ఒకడుంటాడు. టేకల్‌లో ఉన్నవాడికి జనం పెట్టిన పేరు ర్యామప్ప. స్టూడియో గడప దాటినవాణ్ణి కూర్చోమనక ముందే కంప్యూటర్లో ర్యామెంతో చెప్తాడు. పాస్‌పోర్టు సైజు ఫోటోకి వచ్చిన ముసలాయన "ఎనిమిది చాలప్పా" అంటే, కాపీల సంగతని కూడా చూడకుండా, "ఎనిమిదా! ఎనిమిదితో ఈ కాలంలో ఏం పని అవుతుంది తాతా? మనది నూట ఇరవై ఎనిమిది" అని బాధపడిపోతాడు. అంత డబ్బు తన దగ్గర లేదని ముసలాయన వెనక్కి తిరుగుతాడు.

ఆ పెట్టె బెంగళూరు ఎస్‌పీ రోడ్డు నుంచి వచ్చింది. తక్కువకు ఇస్తానన్న అంగడివాణ్ణి అనుమానించి, ఎక్కువ చెప్పినవాడి దగ్గరే కొన్నాడు. తిరుగు రైల్లో సీటు దానికిచ్చి తను నిలబడి వచ్చాడని మాలూరులో ఎక్కినవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. గాజు పలక, లోపల రంగులు మారే లైట్లు, గిరగిరా ఫ్యాన్లు. చుట్టూ బండల గుట్టలు, రాయి కొట్టే దుమ్ము కదా, రాత్రిపూట దానికి పట్టుచీర కప్పుతాడు. పెళ్ళికూతుళ్ళ ఫోటోలకి వెనక తెరగా వాడిన చీర అది. భార్య అడిగినా ఇవ్వలేదు.

లోపలున్నది ఇంటెల్ ఐ9 14900కే. ఇరవై నాలుగు కోర్లు, ముప్పై రెండు థ్రెడ్లు, వేగం 6 గిగాహెర్ట్జ్ దాకా. పక్కన ఆర్‌టీఎక్స్ 4090 కార్డు, దానికి సొంతంగా 24 జీబీ మెమరీ. ఇవన్నీ అప్పజెప్పేటప్పుడు ర్యామప్ప గొంతు కొంచెం తగ్గుతుంది, దొంగలు వింటారేమోనని.

ఇంత పెట్టెతో చేసే పని పెళ్ళి ఆల్బం. కరిజ్మా షీటంటే 12 బై 36 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల లెక్కన దాదాపు 3.88 కోట్ల పిక్సెళ్ళు. ఒక్క పొర మాత్రమే ఉంటే ఫోటోషాప్ దాన్ని 111 ఎంబీ అంటుంది. ర్యామప్ప షీటులో ఒక్క పొర ఎప్పుడుంది? మేఘాలొక పొర, గులాబీ రేకులొక పొర, వెనక ఎప్పుడూ చూడని స్విట్జర్లాండు ఒక పొర, వాటి మీద వరుడు ఐదుసార్లు. ఐదింటిలోనూ వాచీ చూసుకుంటూ.

కొత్త పెట్టె వచ్చిన వారానికే, షీటు తెరిస్తే పాత నీలం చక్రమే మళ్ళీ తిరిగింది. ర్యామప్ప మొహంలో రక్తం లేదు. మాలూరులో కంప్యూటర్లు బాగుచేసే కుర్రవాడికి ఫోన్ పోయింది.

కుర్రవాడు టాస్క్ మేనేజర్ తెరిచి ముప్పై రెండు గళ్ళు చూపించాడు. ఒక గడిలో గీత నెత్తికెక్కింది. తక్కినవి నేల మీదే. "చూడన్నా, పంతులుగారొక్కరే మంత్రం చదువుతుంటే ముప్పై ఒక్కమంది అక్షింతలు పట్టుకొని నిలబడుండారు."

"అంత డబ్బు పోసింది వీళ్ళు నిలబడేదానికా?"

తప్పు పెట్టెది కాదు. థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ముల ఫోటోషాప్ 1990లో మ్యాకింటోష్ మీద మొదట బయటికొచ్చినప్పుడు ఇంటి కంప్యూటర్‌కి ఇన్ని కోర్లుంటాయని అనుకున్నవాళ్ళు లేరు. ఆ తరవాత ఎంతో మారింది గానీ, బ్రష్షు గీయడం, పొర మీద పొర వేయడం లాంటి పనుల్లో ముందరి మెట్టు తేలందే తరవాతిది మొదలు కాదు. అక్కడ కోర్ల లెక్క కంటే ఒక్క కోరు ఎంత చురుకన్నదే ముఖ్యం. ఫోటోషాప్‌తో వచ్చే కెమెరా రా అనే పనిముట్టులో వందల ఫోటోలు ఒకేసారి మార్చి బయటికి తీసేటప్పుడు మాత్రం అక్షింతలన్నీ ఒక్కసారే పడతాయి. ఈ మాట విని ర్యామప్ప కొంచెం తేరుకున్నాడు. ఆ రోజు అవసరం లేని ఫోటోలు కూడా మార్చి బయటికి తీశాడు.

కుర్రవాడు ఇంకా తవ్వాడు. వెనక్కి వెళ్ళే మెట్లు, అంటే హిస్టరీ, మామూలుగా యాభై ఉంటాయి. ర్యామప్ప దాన్ని గరిష్ఠం వెయ్యికి పెట్టుకున్నాడు. కారణం న్యాయమైనదే: అత్తగారు చూసి తెల్లగా చేయమంటే, ఆడపడుచు వచ్చి ముందరిదే బాగుండిందంటుంది. అన్ని మెట్లూ గుర్తుపెట్టుకోవాలంటే నూట ఇరవై ఎనిమిదైనా నిండుతుంది. నిండితే ఫోటోషాప్ డిస్కు మీద రాసుకుంటుంది. దానికి ర్యామప్ప చూపించిన డిస్కేది? సెకనుకు ఏడు వేల ఎంబీ దాకా చదివే కొత్త ఎన్‌వీఎంఈ ఖాళీగా ఉంది. పాత మిషన్‌నుంచి పీకి తెచ్చిన, నూటాయాభై దాటితే దగ్గే హార్డ్ డిస్కుకి ఆ ఉద్యోగం ఇచ్చాడు. "అది మన అదృష్టం డిస్కురా, మొదటి పెళ్ళి ఆల్బం దాంట్లోనే చేసింది" అన్నాడు.

డిస్కు మార్చాక పని పరిగెత్తింది. 2023లో కెమెరా రాలో వచ్చిన డీనాయిజ్ అనే కొత్త పనితనంతో కార్డు కూడా మానం కాపాడుకుంది. ఛత్రంలో గుడ్డి బల్బు కింద తీసిన బీగర ఊట, అంటే వియ్యాలవారి విందు, ఫోటోల్లో ఇసక చల్లినట్టున్న మచ్చలు ఎగిరిపోయి, ఎవరు ఎన్ని ముక్కలు వేయించుకున్నారో కూడా స్పష్టంగా తెలిసింది. ఇందువల్ల రెండు కుటుంబాల మధ్య కొంత మాటామాటా వచ్చిందని వినికిడి.

అన్నిటికంటే ర్యామప్పని నొప్పించింది జెనరేటివ్ ఫిల్లు. మంటపంలో అడ్డంగా ఉన్న ఎర్ర ప్లాస్టిక్ కుర్చీని మాయం చేసే ఆ పని ఈ పెట్టెలో జరగదు, ఎక్కడో అడోబీ వాళ్ళ సర్వర్లలో జరుగుతుంది. ఇక్కడ కావలసింది నెట్టు. గాలివానకి స్తంభం మీది వైరు తెగితే 4090 లైట్లు వేసుకుని కూర్చుంటుంది, కుర్చీ ఎక్కడిదక్కడే ఉంటుంది. పాత ల్యాప్‌టాప్‌తో ఇదే పని ఇంతే వేగంగా చేసే పక్క వీధి పిల్లవాడి పేరు ర్యామప్ప ముందు ఎత్తకూడదు.

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు. అప్పుడు వేగం కొలిచే పరీక్షలు పెడతాడు. ప్యూజెట్ బెంచ్ అని ఫోటోషాప్‌కే ఒక పరీక్షుంది. వచ్చిన మార్కుల్ని ప్రింటు తీసి, ఫ్రేము కట్టించి, పెళ్ళిజంటల మధ్య వేలాడదీశాడు. ఫోటోకి వచ్చిన టీచరమ్మ చూసి "మీ పిల్లోడు ఏం చదువుతాడు?" అంది.

మరి ఆల్బం ఎందుకు ఆలస్యమంటారా? ఫోటోలు ఎంచి ఇవ్వవలసింది పెళ్ళివాళ్ళు. పెన్‌డ్రైవు అమ్మాయి ఇంటికి పోతుంది, అక్కణ్ణించి అత్తగారింటికి, అక్కణ్ణించి బెంగళూరులో ఉన్న మరిది దగ్గరికి. ముప్పై రెండు థ్రెడ్లూ ఎదురుచూస్తుంటాయి. మొన్న ఒక జంట ఎట్టకేలకు జాబితాతో వచ్చింది, చంకలో పాపతో.

"అన్నా, వచ్చే వారం నామకరణం. ఆ ఫోటోలూ దీంట్లోనే రెండు షీట్లు వేసేయ్, స్వల్ప అడ్జస్ట్ చేసుకో. వేరే ఆల్బం ఏమిటికి?"