ఊపిరికి ఆదాయవ్యయములు

మనమెరిగిన సుషిరవాద్యములలో పెక్కు ఊపిరిని వ్యయము చేయించునవే గాని ఆర్జింపజేయునవి కావు. వేణువు గాని సన్నాయి గాని వాయించు విద్వాంసుడు గాలి పీల్చుకొనుటకు ఆగెనా, పాటయు ఆగవలసినదే. పాముల నాడించువాడు మాత్రము బుగ్గలలో కొంత గాలి దాచుకొని, ముక్కుతో పీల్చుచునే నోటితో ఊదుచు, ఆ లోపమును కప్పిపుచ్చుకొనును. మౌత్ ఆర్గాన్ సంగతి వేరు. అది ఊదినను పలుకును, పీల్చినను పలుకును. 1857వ సంవత్సరమున, మన దేశమున సిపాయిలు తుపాకులు వెనుకకు త్రిప్పిన యేటనే, జర్మనీలోని ట్రోసింగెన్ అను ఊర మథియాస్ హోనర్ అను గడియారముల పనివాడు ఈ వాద్యములను చేసి అమ్మ మొదలిడెను. ఆ రెండింటిలో నిద్రాభంగము దేనివలన ఎక్కువ కలిగినదో చరిత్రకారులు తేల్చవలయును.

నన్నీ వాద్యమునకు అంటగట్టినది 1964 నాటి 'దోస్తీ' అను హిందీ చిత్రము. అందు కర్రల ఊతతో నడచు బాలుడు మౌత్ ఆర్గాన్ వాయించుచుండగా ప్రేక్షకులు కంట తడిపెట్టిరి. ఆ ఊపిరి నిజమునకు రాహుల్ దేవ్ బర్మన్ గారిది. నేను వాయించినపుడును ఇంటిల్లిపాది కంట తడిపెట్టుదురు గాని కారణము వేరు.

వాద్యము కొని తెచ్చిన నాడు బంధుమిత్రులు నా వయస్సును, ఛాతి కొలతను తలచి, "ఊపిరి చాలదండీ, మానుకోండి" అని హితవు చెప్పిరి. మౌత్ ఆర్గాన్ పట్టినవానిని పీడించునది ఊపిరి దారిద్ర్యము కాదు, ఐశ్వర్యము. ఉగాది పంచాంగమున నా రాశికి ఏయేట చూచినను ఆదాయము 2, వ్యయము 14 అని చదువుకొనుటకు అలవాటుపడిన నాకు, ఈ ఊపిరితిత్తులలో ఆదాయము 14, వ్యయము 2 అగుట మొదట నమ్మశక్యము కాలేదు.

ఇది ఎట్లు సంభవించునో వినుడు. పది రంధ్రముల సి శ్రుతి వాద్యమున రంధ్రమునకు రెండేసి చొప్పున 20 రీడ్లు, అనగా పలుచని రేకులు, కలవు. ఒకటి ఊదినపుడు, వేరొకటి పీల్చినపుడు కంపించును. నాల్గవ రంధ్రమున ఊదిన షడ్జమము, పీల్చిన రిషభము. ఐదవ దానిలో ఊదిన గాంధారము, పీల్చిన మధ్యమము. ఆరవ దానిలో ఊదిన పంచమము, పీల్చిన ధైవతము. ఇంతవరకు వచ్చిన గాలి వచ్చినట్లే పోవుచు శంకరాభరణము ధర్మమార్గమున నడచును. ఏడవ రంధ్రము కడ క్రమము తలక్రిందులగును: పీల్చిన నిషాదము, ఊదిన తారషడ్జమము! కావున 'ధ' పీల్చి, పీల్చిన గాలి పీల్చినట్లే యుండగా, దానిపై 'ని' కూడ పీల్చవలయును. భావావేశమున నిషాదము మీద నిలిచి, ధైవతమునకు దిగి, మరల నిషాదమునకు ఎక్కినచో, షడ్జమము చేరులోపుగా వాయించువాని కన్నులు వెలికివచ్చి చొక్కా గుండీలు సెలవు పుచ్చుకొనుటకు సిద్ధమగును. అమెరికాలోని నల్లజాతి వాద్యకారుల బ్లూస్ ఫణితి యందు ఈ సంపద మరింత పెరుగును; వారు రెండవ రంధ్రమున పీల్చిన పంచమమునే షడ్జముగా గ్రహింతురు గనుక, పాటలో అధికభాగము పీల్చుటతోనే సరి.

మా ఎదురింటి తాతగారు ప్రాణాయామమున ఆరితేరినవారు. నా ముఖవర్ణము చూచి జాలిపడి, "బాబూ, పూరకానికి ఒకటి, కుంభకానికి నాలుగు, రేచకానికి రెండు. ఆ లెక్క తప్పకు" అని ఉపదేశించిరి. పీల్చుటకు, బిగబట్టుటకు, విడుచుటకు యోగశాస్త్రమున ఆ లెక్క అమోఘమే. పాటలో మాత్రము కుంభకమనగా నిశ్శబ్దము. "మీరు వాయించేదాంట్లో అదే బాగుందండీ" అని మా గృహిణి వంటింటి నుండి సెలవిచ్చెను.

అసలు చికిత్స వేరొకటి కలదు. ఊపిరితిత్తులను సగము మాత్రము నింపి పాట ఎత్తుకొనవలయును. ఛాతిని కాక ఉదరమును కదలించి శ్వాసింపవలయును. ఊదవలసిన స్వరము వచ్చినపుడెల్ల మిగులు గాలిని ముక్కు వెంట గుట్టుగా జారవిడువవలయును. మెల్లగా మాటలాడుటకు చాలినంత గాలి ఈ పలుచని రేకులకు చాలును. బలము చూపితిమా, రెండవ రంధ్రము పీల్చినపుడు నోరు మూసుకొని అలుగును.

సాధనకు రైలును మించినది లేదు. అమెరికా మౌత్ ఆర్గాన్ వాద్యకారుడగు డీఫోర్డ్ బెయిలీ 1927లో ధ్వనిముద్రణము చేసిన 'పాన్ అమెరికన్ బ్లూస్' లో ఈ చిన్న వాద్యముతో ఒక రైలునే నడిపించెను. నావంటివాడు రెండుమార్లు పీల్చి, రెండుమార్లు ఊది, మొదట గూడ్సుబండి వేగమున, పిదప మెయిలు వేగమున సాగినచో ఆదాయవ్యయములు తమంతట తామే సరిపడును. ప్రక్కవాటా పిల్లవాడు గోడపై నుండి తొంగిచూచి, "మావయ్యగారూ, ఇది మా స్టేషన్లో ఆగదా?" అని అడిగెను.

కొనదలచినవారు సి శ్రుతిగల పది రంధ్రములదే కొనుడు, జలుబు చేసినపుడు ముట్టకుడు, 'ధ ని' కడ ముక్కును మరువకుడు. ప్రక్కవాటా వారితో మాత్రము రైలు వేళలు ముందుగా నిర్ణయించుకొనుడు.