ఆకుపచ్చంటే అయినట్టా, కానట్టా?

మహారాజశ్రీ జిల్లా సమీక్షా సమావేశ అధ్యక్షుల వారి దివ్యసముఖమునకు, శాఖలన్నిటి పవర్‌పాయింట్ స్లైడులను ఒక్క ఫైలుగా కుట్టే కంప్యూటర్ ఆపరేటర్ వ్రాసుకొను బహిరంగ లేఖ.

విషయం: స్లైడులన్నిటికీ ఒకే రూపు కోరుట గురించి.
సూచిక: గత సమీక్షలో తమరు అన్న ‘శభాష్’.

అయ్యా,

ఆ శభాష్ తమరు ఒక పట్టికలోని ఆకుపచ్చ గడులను చూసి అన్నారు. సదరు అధికారి లేచి నమస్కారం పెట్టి కూర్చున్నారు. అవన్నీ ఇంకా కొబ్బరికాయ కూడా కొట్టని పనులండీ! అంతకుముందు శాఖవారి స్లైడులో ఆకుపచ్చంటే పూర్తయినవి, వీరి స్లైడులో ప్రతిపాదన దశలో ఉన్నవి. తప్పు తమది కాదు. అప్పుడే అలవాటుపడ్డ రంగును మరుసటి స్లైడులో మరచిపొమ్మంటే కన్ను మరచిపోతుందా?

డబ్బు లెక్కలదీ ఇదే తంతు. ఒకరు 250 లక్షలంటారు, పక్కవారు 2.5 కోట్లంటారు. రెండూ ఒకటే అయినా, ‘అంత ఖర్చెందుకయిందయ్యా’ అన్న చీవాట్లు మాత్రం పెద్దంకె వేసినవారికే.

ఇక తెలుగు. అను ఫాంట్లలో కొట్టిన స్లైడును, ఆ ఫాంట్లు లేని మీటింగ్ హాలు కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన మంత్రమేదో ప్రత్యక్షమవుతుంది. యూనికోడ్‌లో గౌతమితోనో నిర్మలతోనో కొడితే ఆ గొడవ లేదు. అయితే ఇంగ్లీషుకు సరిపోయే వరుసల ఎడం మనకు చాలదు. ‘స్త్రీ శిశు సంక్షేమం’ అని ఇరుకుగా కొడితే పైనున్న తవత్తు, రావత్తు దిగివచ్చి కింది వరుస గుడి మీద కూర్చుంటాయి. ఇక ఫొటోలు. పాత 4:3 స్లైడులోని ప్రారంభోత్సవం ఫొటోను 16:9 తెరకు సాగదీస్తే పెద్దలంతా అడ్డంగా లావెక్కుతారు. వారికి కోపం వస్తే నాకు సంబంధం లేదు.

మందు పవర్‌పాయింట్‌లోనే ఉంది. ‘వ్యూ’ నొక్కితే స్లైడ్ మాస్టర్ వస్తుంది. శీర్షిక ఎక్కడుండాలి, ఫాంటేది, సైజెంత, లోగో ఏ మూలన అన్నది అక్కడ ఒక్కసారి చెబితే స్లైడులన్నీ వింటాయి. వినాలంటే, శీర్షికకు ఇచ్చిన గడిలోనే శీర్షిక కొట్టాలి. మనవాళ్లు ఎక్కడపడితే అక్కడ టెక్స్ట్ బాక్స్ గీసి కొడతారు, అది మాస్టర్ మాట లెక్కచేయదు. ఎక్సెల్ పట్టికను ఫొటో తీసి అతికించారంటే లోపలి ఒక్క అంకె కూడా నా చేతిలో ఉండదు. ‘కీప్ సోర్స్ ఫార్మాటింగ్’తో అతికిస్తే ఒక్కో శాఖ తన మాస్టర్‌ను వెంటబెట్టుకుని వస్తుంది. ఒకే ఫైలుకు అంతమంది మాస్టర్లైతే పని ఎవరు చెప్పినట్టు జరగాలి? పోనీ అని ‘యూజ్ డెస్టినేషన్ థీమ్’ నొక్కితే, ‘మా నీలం రంగు ఏం చేశావ్?’ అని రాత్రి పదింటికి ఫోన్లు.

1987లో మెకింతోష్ కోసం వచ్చిన తొలి పవర్‌పాయింట్‌లో నలుపు తెలుపులే ఉండేవి. ఆ రోజుల్లో ఆపరేటర్లు సుఖంగా నిద్రపోయి ఉంటారు.

కావున ఒక్క టెంప్లేట్ ఖాయం చేసి, అందులో లేని స్లైడు హాల్లోకి రాకూడదని మెమో ఇప్పించ ప్రార్థన. పూర్తయినవి ఆకుపచ్చ, నడుస్తున్నవి పసుపు, ఆగినవి ఎరుపు. ఎరుపు, ఆకుపచ్చ పోల్చుకోలేనివారూ ఉంటారు గనుక గడిలో మాట కూడా రాయాలి. డబ్బంతా కోట్లలోనే. అక్షరాలు ఒక్కొక్కటిగా టపటపమంటూ రాలే యానిమేషన్‌కు సెలవు. గులాబీల ‘థ్యాంక్యూ’ శాఖకొకటి వద్దు, చివర్న అందరి తరఫునా ఒకటి చాలు.

ఆ మెమోను మాత్రం దయచేసి యూనికోడ్‌లో కొట్టించగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
కంప్యూటర్ ఆపరేటర్