భిలాయీ తెరవక్త

ఆన్‌లైన్ సభలో తొలిసారి ప్రసంగించే వక్తల్లో భిలాయీ ఉక్కునగరపు తెలుగు విశ్రాంత ఉద్యోగిది ఒక ప్రత్యేక శాఖ. సోవియట్ సహకారంతో నిర్మితమై, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన కర్మాగారంలో, రైలు పట్టాలు తీసే మిల్లులో ముప్పయ్యేళ్లు పనిచేసిన ఈ పెద్దమనిషికి యంత్రాల హోరును మించితేనే అది మాట కనుక, సెక్టారులోని ఇంట్లో కూర్చుని ఆయన పెట్టే నమస్కారం బెంగళూరు శ్రోతకు ఇంటర్నెట్ ద్వారానూ, పక్కింటివారికి నేరుగానూ చేరుతుంది.

అయితే తొలి నమస్కారం తరచుగా మ్యూట్‌లోనే, అనగా మైకు మూసి ఉన్న స్థితిలోనే, ముగుస్తుంది. వినపడటం లేదని శ్రోతలు చేతులూపితే ఆయన సంతోషించి తిరిగి చేతులూపుతాడు. "తాతయ్యా, నీ మాట ఎవరికీ వినపడట్లేదు" అంటూ మనవరాలు వచ్చి మైకు తెరిచేసరికి పరిచయ భాగం పూర్తయి ఉంటుంది కనుక, దానిని మొదటినుంచి మరింత గట్టిగా చెబుతాడు.

స్లైడు అనగా శ్రోత ఒక్క చూపులో గ్రహించదగినంత విషయాన్ని ఉంచే తెరపుట. ఈ వక్త దృష్టిలో మాత్రం అది ఖాళీగా వదిలితే దండగయ్యే జాగా. భిలాయీ మిల్లు 130 మీటర్ల పట్టాను ఒకే ముక్కగా తీయగలదు, అటువంటివి రెండు అతికితే 260 మీటర్లవుతుంది; ఆయన వాక్యాలను సైతం ఈ పద్ధతిలోనే అతికి, స్లైడు నిండా పరచి, పొల్లుపోకుండా చదువుతాడు. శ్రోతలు ఒక్కొక్కరే కెమెరాలు ఆపివేయగా తెరపై మిగిలిన నల్లని గళ్లను ఆయన ఏకాగ్రతగా లెక్కిస్తాడు.

స్లైడు కదలకుండా నిలిచిపోయిన రోజున మాత్రం ఆయన వేరే మనిషి. మనవరాలి ప్లాస్టిక్ స్కేలు అందుకుని, ఎర్రగా కాలి వచ్చిన పట్టాలో చక్రం ఆనే తలభాగాన లోహం ఎక్కువ కాబట్టి అది పాదం కంటే ఆలస్యంగా చల్లారి కుంచించుకుంటుందని, దానితో పట్టా తలవైపు వంగజూస్తుందని, అందుకే చల్లారకముందే దానిని ఎదురు దిక్కుకు వంచి పెడతారని కెమెరాకు దగ్గరగా వంచి చూపుతాడు. "ఇప్పుడు వంకర, చల్లారితే తిన్నన. సమ్‌ఝే?" అనేసరికి నల్లని గళ్లలో ఒక్కొక్క ముఖమే వెలుగుతుంది, "ఎంత వంచాలో ఎలా తెలుస్తుంది బాబాయ్ గారూ?" అని ఎవరో అడిగితే, అరవడం మరచి, ఎదుట కూర్చున్నవారితో చెప్పినట్లు చెబుతాడు.

ఆ పది నిమిషాల అంతరాయానికి చివర క్షమాపణ కోరడం ఆయన మర్యాద. లోపం పునరావృతం కాకుండా తదుపరి సభకు కొత్త స్లైడు ఒకటి సిద్ధమవుతుంది: పైన వంచిన స్కేలు ఫొటో, కింద పద్నాలుగు పంక్తుల వివరణ.